కుర్చీలోంచి లేచే ముందే

అందరికీ నమస్కారం. కంప్యూటర్ భద్రత గురించి మాట్లాడమన్నారు. అంత పెద్ద విషయం జోలికి పోను. కుర్చీలోంచి లేచే ముందు తెరను లాక్ చేసే రెండు మీటల గురించి చెప్పి దిగిపోతాను.

కొన్నేళ్ల కిందట ఆఫీసులో ఫోన్ వస్తే మాట్లాడుకుంటూ వరండాలోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి అందరూ నన్ను చూసి ముసిముసిగా నవ్వుతున్నారు. నా మెయిల్ నుంచి టీమ్ మొత్తానికి ఒక్క వాక్యం వెళ్లింది: 'ఈ శనివారం పార్టీ నాది.' పార్టీ ఇచ్చాను, తప్పుతుందా! కానీ ఆ రాత్రి నిద్ర పట్టనిది ఖర్చు గురించి కాదు. ఆ కుర్చీలో కూర్చున్నది సరదా మనిషి కాకపోయి ఉంటే?

పెద్ద అక్షరం, అంకె, గుర్తు అన్నీ కలిపి గట్టి పాస్‌వర్డ్ పెట్టుకుంటాం. లాగిన్ అయ్యాక దాని పని అయిపోయింది. తలుపు బార్లా తీసి ఉంటే తాళం ఎంత గట్టిదైతే ఏం లాభం? తెరిచి ఉన్న మెయిల్ ఒక్కటి చాలు. వేరే ఖాతాల్లో 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' అని నొక్కితే, కొత్తది పెట్టుకునే లింకు చాలాసార్లు అక్కడికే వస్తుంది. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లైతే, ఎదురుగా ఉన్నది ఎవరని చూడకుండా అదే నింపేస్తుంది.

తెరిచి ఉన్న కంప్యూటర్ వేరేవాళ్ల చేతికి చిక్కడానికి ఎంతసేపు పడుతుందంటారా? 2013 అక్టోబర్ 1న శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక లైబ్రరీలో రాస్ ఉల్బ్రిక్ట్ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. ఇంటర్నెట్‌లో మత్తుమందులు అమ్ముడుపోయే సిల్క్ రోడ్ అనే చీకటి మార్కెట్ నడిపిన మనిషి. ల్యాప్‌టాప్ మూత పడితే లోపలిదేదీ చేతికి చిక్కదని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ భయం. అందుకే ఇద్దరు ఏజెంట్లు అతని వెనక గొడవ పడుతున్నట్టు నటించారు. అతను తల తిప్పాడు. తెర వెలుగుతుండగానే ల్యాప్‌టాప్ లాగేసుకున్నారు. అక్కడ పట్టుబడాల్సినవాడే పట్టుబడ్డాడు, సంతోషం. నేను చూపిస్తున్నది ఆ తల తిప్పినంత సేపు.

లాక్ చేయడానికి విండోస్‌లో అయితే విండోస్ మీట పట్టుకుని ఎల్ నొక్కండి. మ్యాక్‌లో కంట్రోల్, కమాండ్, క్యూ మూడూ కలిపి. కంట్రోల్ మర్చిపోతే లాక్ పడదు సరికదా, పని చేస్తున్న ప్రోగ్రామే మూసుకుపోతుంది! లినక్స్‌లో చాలావాటికి సూపర్, ఎల్. సూపర్ అంటే ఆ విండోస్ మీటే.

ఒక చిన్న చిక్కుంది. విండోస్ మీట ఎడమవైపు కింద, ఎల్ కుడివైపు. ఒంటి చేత్తో అందడం కష్టం. చేతిలో ఫోనో, కప్పో ఉంటే 'వచ్చాక చూద్దాంలే' అనిపిస్తుంది. కాబట్టి ముందు మీటలు, తర్వాత కప్పు. వారం రోజులు పట్టుబట్టి చేస్తే తర్వాత చేతులే గుర్తు చేస్తాయి.

'పది నిమిషాలకు దానంతటదే లాక్ అవుతుందిగా' అంటారు. అది మరిచిపోయిన రోజు కోసం. ఫోన్ దూరమైతే కంప్యూటర్ లాక్ అయ్యే ఏర్పాటు కూడా విండోస్‌లో ఉంది. బ్లూటూత్‌తో నడుస్తుంది. కానీ మీరు వెళ్లిన వెంటనే కాదు, కాసేపటికి. ఇక మానిటర్ స్విచ్ కట్టేసి వెళ్లేవాళ్లుంటారు. మళ్లీ వేస్తే అంతా అలాగే కనిపిస్తుంది! లాక్ చేస్తే డౌన్‌లోడ్ ఆగిపోతుందేమోనని కొందరికి టెన్షన్. ఆగదు, లోపల పని నడుస్తూనే ఉంటుంది.

అన్నట్టు, రెండో వరసలో ఒక ల్యాప్‌టాప్ వెలుగుతోంది, మనిషి మాత్రం కుర్చీలో లేరు. పక్కనున్నవారు కాస్త ఆ రెండు మీటలూ నొక్కుతారా?