హార్డెనర్ వేరు, క్యాటలిస్ట్ వేరు

సునీత: మనవాళ్లకి ‘ఫైబర్’ అన్న ఒక్క మాట చాలు. ఫైబర్ కుర్చీ, ఫైబర్ ట్యాంకు, కాకినాడ తీరంలో ఫైబర్ బోటు. అన్నీ ఒకటేనా వెంకట్ గారూ?

వెంకట్: వాటిలో నిజంగా ఫైబర్ ఉన్నది బోటులోనే అండీ. కుర్చీ పాలీప్రొపిలీన్, మిద్దె మీది నల్ల ట్యాంకు పాలీఇథిలీన్. అవి థర్మోప్లాస్టిక్‌లు, బెల్లంలా వేడికి కరిగి మళ్లీ గట్టిపడతాయి. బోటులోని రెజిన్, అంటే కలిపాక గట్టిపడే చిక్కటి ద్రవం, థర్మోసెట్. ఉడికిన ఇడ్లీ మళ్లీ పిండి కాదు కదా, అదీ అంతే. గాజు పోగులు బలమిస్తాయి, రెజిన్ వాటిని పట్టి ఉంచుతుంది. రెండూ కలిస్తే కాంపోజిట్.

సునీత: రెజిన్ కొంటే చిన్న సీసాలు రెండు ఇస్తారు. ఒకరు హార్డెనర్ అంటారు, ఇంకొకరు క్యాటలిస్ట్ అంటారు.

వెంకట్: పని చెడేది అక్కడే. పాలియెస్టర్ రెజిన్‌తో వచ్చే ఊదారంగుది కోబాల్ట్, అంటే రియాక్షన్ వేగం పెంచే యాక్సిలరేటర్. నీళ్లలా ఉండేది ఎంఈకేపీ (మిథైల్ ఇథైల్ కీటోన్ పెరాక్సైడ్), దాన్నే క్యాటలిస్ట్ అంటున్నాం. ముందు రెజిన్‌లో కోబాల్ట్ బాగా కలపాలి. ఆ తర్వాతే క్యాటలిస్ట్, కిలోకి 10 నుంచి 20 గ్రాములు. మే నెల ఎండలో 10 దగ్గరే ఆగాలి. కొన్ని రెజిన్లలో కోబాల్ట్ ముందే కలిపి ఉంటుంది, డబ్బా మీద చూసుకోండి.

సునీత: మరి హార్డెనర్?

వెంకట్: అది ఎపాక్సీ అనే ఇంకో రకం రెజిన్‌ది. క్యాటలిస్ట్ రియాక్షన్ మొదలుపెడుతుంది, అంతే. హార్డెనర్ అలా కాదు, గట్టిపడిన పదార్థంలో తనూ భాగమవుతుంది. ఎల్‌వై 556 అనే ఎపాక్సీకి హెచ్‌వై 951 అనే హార్డెనర్ తూకంలో 100కి 10. తొందరగా ఆరుతుందని ఇంకాస్త పోస్తే, జత దొరకని హార్డెనర్ లోపలే మిగిలి ముక్క బలహీనపడుతుంది. అసలు ‘ఆరడం’ అన్న మాటే తప్పు. పెయింట్ ఆరుతుంది, రెజిన్ రియాక్షన్‌తో గట్టిపడుతుంది. ఫ్యాను పెట్టి లాభం లేదు.

సునీత: కోబాల్ట్, క్యాటలిస్ట్ నేరుగా కలిస్తే?

వెంకట్: భగ్గుమంటుంది, పేలనూవచ్చు. రెండింటికీ ఒకే కొలత గ్లాసు వాడకూడదు, ఒకే అరలో పెట్టకూడదు. క్యాటలిస్ట్ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. రక్షణ కళ్లద్దాలు లేకుండా మూత తీయొద్దు.

సునీత: పాట్‌లైఫ్, అంటే కలిపాక వాడుకోగలిగే సమయం, అరగంట అని రాసి ఉన్నా బకెట్‌లో ముందే గడ్డకడుతుందేం?

వెంకట్: పాట్‌లైఫ్‌ని ఒక నిర్ణీత పరిమాణంతో, ఒక నిర్ణీత ఉష్ణోగ్రత దగ్గర కొలుస్తారు. ఎక్కువ కలిపితే పుట్టిన వేడి బయటికి పోదు, ఆ వేడికి రియాక్షన్ ఇంకా పరుగెడుతుంది. పొగ వస్తుంది, పగుళ్లిస్తుంది. అదే రెజిన్‌ని అచ్చు మీద పల్చగా పరిస్తే నింపాదిగా ఉంటుంది. అందుకే కొంచెం కొంచెంగా, వెడల్పాటి ట్రేలో కలపాలి.

సునీత: గాజు పోగుల చాపని మ్యాట్ అంటారు కదా, మరి 450 మ్యాట్ అంటే?

వెంకట్: చదరపు మీటరుకి 450 గ్రాముల గాజు. దానికి సుమారు కిలో రెజిన్ పడుతుంది, ఒక పొర దాదాపు ఒక మిల్లీమీటరు మందం వస్తుంది. వోవెన్ రోవింగ్‌కి, అంటే గాజు పోగులతో నేసిన దళసరి గుడ్డకి, దాని బరువుకి సమానంగా రెజిన్ చాలు. ఇంకోటి, మ్యాట్‌లో పోగుల్ని అతికించేది బైండర్. పాలియెస్టర్‌ రెజిన్‌లో ఉండే స్టైరీన్ అనే ద్రవం దాన్ని కరిగిస్తుంది. ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు, అందుకే మ్యాట్ బిరుసుగా ఉండిపోయి మూలల్లో కూర్చోదు, తెల్ల మచ్చలు మిగులుతాయి. ఎపాక్సీకి నేసిన క్లాత్ గానీ కుట్టిన మ్యాట్ గానీ తీసుకోండి.

సునీత: అచ్చు నుంచి తీశాక జెల్‌కోట్, అంటే అచ్చులో ముందుగా కొట్టే రంగు రెజిన్ పొర, మొసలి చర్మంలా ముడతలు పడి ఉంటుంది కొన్నిసార్లు.

వెంకట్: చాలాసార్లు పల్చగా కొట్టడమే కారణం. అర మిల్లీమీటరు ఉండాలి, చదరపు మీటరుకి దాదాపు 600 గ్రాములు. పల్చటి పొరలో వేడి నిలవదు, సరిగా గట్టిపడదు. పైన వేసే పొరలోని స్టైరీన్ దాన్ని ఉబ్బించి ముడతలు లేపుతుంది. వేలు పెడితే జిగురుగా ఉండాలి, కానీ వేలికి రంగు అంటకూడదు. మ్యాట్ వేయాల్సింది అప్పుడు. ముడత ముందే కనిపిస్తే మాత్రం దాని మీద ఏమీ వేయకండి, గీకేసి మళ్లీ మొదటి నుంచి కొట్టడమే.