తరగతి గోడ మీద పది ఆజ్ఞలు: ఆ పాత నీతి పుస్తకాల్లో అసలు ఏముంది?

(వెబ్ ఛానల్ చర్చా కార్యక్రమం. హైదరాబాద్ స్టూడియోలో ముప్పై ఏళ్లు అమెరికన్ సాహిత్యం బోధించి రిటైరైన ప్రొఫెసర్, ఒంగోలు వైపు నుంచి వచ్చిన ఒక పాస్టర్ కూర్చున్నారు. డాలస్ నుంచి ఒక తల్లి లైన్‌లో ఉన్నారు. మాటల మీద మాటలు పడ్డ చోట్ల వాటిని అలాగే రాశాను. ముగ్గురికీ సమాన సమయం అని మొదట్లో చెప్పారు. అది ఎంతవరకు జరిగిందో చదివితే తెలుస్తుంది.)

మోడరేటర్: అందరికీ నమస్కారం. లూయిజియానా 2024లో, టెక్సస్ 2025లో ఒక చట్టం చేశాయి. ప్రభుత్వ బడుల్లో ప్రతి క్లాసులో బైబిల్లోని పది ఆజ్ఞలు గోడకి పెట్టాలని. టెక్సస్ చట్టం పోస్టర్ కొలత కూడా చెప్పింది, తక్కువలో తక్కువ 16 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తు ఉండాలి. రెండింటి మీదా కోర్టులో కేసులు పడ్డాయి. అమ్మా, మీ ఇంట్లో దీని గురించి ఏమనుకుంటున్నారు?

తల్లి: నమస్తే అండీ. మా బాబు మూడో క్లాసు. నిన్న నన్ను అడిగాడు, అమ్మా, మ్యాన్‌సర్వెంట్ అంటే ఎవరు అని. పొరుగువాడి ఇల్లు ఆశించొద్దు, వాడి మ్యాన్‌సర్వెంట్‌ని ఆశించొద్దు అని ఉంది కదా పదో ఆజ్ఞలో. పనివాడు అని చెప్పేశాను. చెప్పాక ఎందుకో…

ప్రొఫెసర్: పనివాడు కాదమ్మా! తెలుగు బైబిల్ తీసి చూడండి. దాసుడు, దాసి అని ఉంటుంది. వెంటనే ఎద్దు, గాడిద. మీ బాబు సరైన చోటే వేలు పెట్టాడు.

మోడరేటర్: మేడమ్, ఒక్క నిమిషం. ముందు పాస్టర్ గారు. నా ప్రశ్న సూటిగా అడుగుతాను సార్. పిల్లలకి కాస్త భయం ఉండాలి కదా? భయం లేకుండా నీతి వస్తుందా?

పాస్టర్: భయం సంగతి తర్వాత చెబుతానండీ. ముందు చదువు సంగతి చూడాలి. లూయిజియానా చట్టంలో మూడు పేర్లున్నాయి. న్యూ ఇంగ్లండ్ ప్రైమర్, మెక్‌గఫీ రీడర్లు, నోవా వెబ్‌స్టర్ స్పెల్లింగ్ పుస్తకం. ఒకప్పుడు అమెరికా పిల్లలు అక్షరాలు దిద్దింది వీటితోనే. మసాచుసెట్స్‌లో 1647లోనే చట్టం తెచ్చారు. యాభై గడపలున్న ప్రతి ఊరూ చదువు చెప్పే మనిషిని పెట్టుకోవాలి. ఎందుకంటే సైతాను మనుషుల్ని లేఖనాలకి దూరంగా ఉంచుతాడు, చదవడం వస్తే వాడి ఆటలు సాగవు. చదువు అందరికీ అన్న ఆలోచన…

ప్రొఫెసర్: అందరికీనా? సార్, అందరికీ అనకండి.

పాస్టర్: నన్ను పూర్తి చెయ్యనివ్వండి మేడమ్.

ప్రొఫెసర్: చెయ్యండి. కానీ అందరికీ అనకండి. 1740లో సౌత్ కరొలైనా చట్టం బానిసకి రాయడం నేర్పితే జరిమానా వేసింది. మీరు చెప్పిన చట్టానికి వందేళ్లు కూడా నిండలేదు అప్పటికి.

మోడరేటర్: మేడమ్, వస్తాను మీ దగ్గరికి. ఆ ప్రైమర్‌లో ఏముందో కాస్త చెప్పండి. పెద్దబాలశిక్ష లాంటిదా?

ప్రొఫెసర్: ఒక రకంగా అంతే. బోస్టన్‌లో బెంజమిన్ హారిస్ అనే ముద్రాపకుడు 1690 ప్రాంతంలో మొదలుపెట్టాడు. ఇప్పుడు మనకి దొరికే అతి పాత ప్రతి 1727 నాటిది. అరచేతిలో పట్టే చిన్న పుస్తకం. ఒక్కో అక్షరానికి ఒక చెక్క అచ్చు బొమ్మ, ఒక జంట పాదం. ఏ అంటే ఆదాము, అతను పడ్డప్పుడే మనందరం పాపులమయ్యాం. ఎఫ్ అంటే బద్ధకపు మూర్ఖుడు, బడిలో వాడికి కొరడా దెబ్బలు. వై అంటే యౌవనం, ముందుకి ఉరికితే మృత్యువు ముందే గిల్లేస్తుంది. ఐదేళ్ల పిల్లకి ఇది మొదటి పాఠం.

మోడరేటర్: అదే నేనంటున్నది! భయం పెట్టారు, దేశం బాగుపడింది. దండం దశగుణం భవేత్ అని మనవాళ్లూ ఊరికే అనలేదు.

ప్రొఫెసర్: బాబూ, భయం ఏ మేరకు పోయిందో వినండి. మైకేల్ విగిల్స్‌వర్త్ అని ఒక పాస్టర్ 1662లో తీర్పు రోజు మీద పెద్ద కావ్యం రాశాడు. ఇంటింటా కంఠతా పట్టారు. అందులో పుట్టగానే పోయిన పసిపిల్లలు దేవుడి ముందు నిలబడి అడుగుతారు, మేం ఏ పాపం చెయ్యలేదు కదా, ఆదాము చేసినదానికి మాకెందుకు శిక్ష అని. దేవుడేమంటాడు? సరే, మీకు నరకంలో అన్నిటికన్నా సుఖమైన గది ఇస్తాను అంటాడు. బిడ్డని పోగొట్టుకున్న తల్లి ఆ కావ్యం చదువుతుంటే ఎలా ఉండి ఉంటుంది? ఆ రోజుల్లో అలా పోగొట్టుకోని ఇల్లు ఎక్కడుంది?

తల్లి: అయ్యో.

పాస్టర్: ఒప్పుకుంటాను. అది కఠినమైన వేదాంతం. ఈరోజు ఏ సంఘంలోనూ నేను అలా ప్రసంగించను. కానీ ఆ మనుషులకి మనస్సాక్షి కూడా ఆ పుస్తకాలే ఇచ్చాయి మేడమ్. శామ్యూల్ సూవల్ సంగతి మీరు చెప్పరేం? మసాచుసెట్స్‌లోని సేలంలో మంత్రగత్తెలని ముద్రవేసి మనుషుల్ని ఉరి తీయించిన జడ్జీల్లో ఒకడు. 1697లో బోస్టన్ చర్చిలో, తను రాసిన పశ్చాత్తాపం పాస్టర్ గట్టిగా చదువుతుంటే, అందరి ముందూ లేచి నిలబడ్డాడు. అలా నిలబడ్డ జడ్జిని ఈ రోజుల్లో ఒక్కణ్ణి చూపించండి.

ప్రొఫెసర్: చెప్పబోతున్నది ఆయన గురించే! అదే సూవల్ మూడేళ్ల తర్వాత, 1700లో, బానిసల అమ్మకం మీద చిన్న పుస్తకం వేశాడు. అన్నలు అమ్మేసిన యోసేపు కథ పట్టుకుని రాశాడు. అందులో ఏ వచనం ఎత్తాడు? నిర్గమకాండం 21వ అధ్యాయం, 16. మనిషిని దొంగిలించి అమ్మినవాడికి మరణశిక్ష. పాస్టర్ గారూ, పది ఆజ్ఞలు ఏ అధ్యాయంలో ఉన్నాయి?

పాస్టర్: ఇరవై.

ప్రొఫెసర్: ఇరవై! ఒక్క పేజీ తిప్పితే చాలు. గోడకి ఇరవయ్యో అధ్యాయం కొట్టేవాళ్లు ఇరవై ఒకటి ఎందుకు కొట్టరు? నా మొత్తం వాదన ఇదే. ఆ సాహిత్యంలో సగమే తెస్తున్నారు.

మోడరేటర్: బాగుంది, కానీ భయం సంగతి…

పాస్టర్: ఒంగోలు మాట ఒకటి చెప్పనివ్వండి, అది కూడా అమెరికా కథే. శామ్యూల్ డే అనే మిషనరీ 1836లో మన తీరానికి వచ్చి, 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్లు గడిచినా పట్టుమని పదిమంది విశ్వాసులు లేక మిషన్ మూసేద్దామనుకున్నారు. తర్వాత క్లౌ దొరగారు అనే మిషనరీ కాలంలో, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. ఊరి బడి అరుగు ఎక్కనివ్వని మనుషులండీ. మా ముత్తాతకి అక్షరం వచ్చింది మిషన్ బడిలోనే. వేలితో ఇసకలో దిద్దించారట. ఆ పుస్తకాలు సగం అని మీరంటే నాకు ఇక్కడ నొప్పి పుడుతుంది.

(కొన్ని క్షణాలు ఎవరూ మాట్లాడలేదు. నాకైతే మొత్తం కార్యక్రమంలో ఇదే గట్టి మాట. దాన్ని అక్కడే కాస్త నిలవనిచ్చి ఉండాల్సింది.)

ప్రొఫెసర్: మీ ముత్తాతగారికి దండం పెడతాను. కానీ ఆ మిషన్ నడిపిన అమెరికా బాప్టిస్టులు 1845లో రెండుగా చీలిపోయారు. ఎందుకు? బానిసల యజమానిని మిషనరీగా పంపొచ్చా లేదా అన్న దాని మీద. పంపకూడదని ఉత్తరాదివాళ్లు, పంపాలని దక్షిణాదివాళ్లు. మీ నెల్లూరు మిషన్ ఉత్తరాదివాళ్ల చేతిలో ఉండిపోయింది. అంటే మీ కథలో కూడా…

పాస్టర్: నేనూ అదే చెబుతున్నాను కదా! ఆ ఉత్తరాదివాళ్లు కూడా ఆ ప్రైమర్ చదివినవాళ్లే.

ప్రొఫెసర్: ఆ దక్షిణాదివాళ్లు కూడా!

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. డాలస్ లైన్‌లో తల్లి ఏదో అన్నారు, వినపడలేదు.)

మోడరేటర్: ఒక్కరొక్కరుగా, ప్లీజ్. తాగుడు మాన్పించే పుస్తకాలు కూడా వచ్చాయి కదా ఆ రోజుల్లో? అక్కడ భయం పనిచేసిందా లేదా?

ప్రొఫెసర్: వచ్చాయి. లైమన్ బీచర్ అనే పాస్టర్ తాగుడు మీద చేసిన ఆరు ప్రసంగాలు 1820ల్లో అచ్చయ్యాయి. వాటితో పెద్ద ఉద్యమమే నడిచింది. కానీ మన దగ్గరే చూడండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మీదికి వెళ్లారు. దాని వెనక అక్షరాస్యత వాచకంలో ఒక పాఠం ఉంది. తాగుబోతు మొగుడితో పడలేక ఒకామె ఊళ్లో ఆడవాళ్లని కూడగట్టిన కథ. అందులో నరకం లేదు, కొరడా లేదు. తమ కథే అచ్చులో కనపడింది, లేచారు. భయం వల్ల నీతి వస్తుందన్న మాటకి ఇంతకన్నా జవాబు…

మోడరేటర్: కానీ ప్రభుత్వానికి భయం పుట్టింది కదా మేడమ్? చూశారా, చివరికి భయమే!

ప్రొఫెసర్: అది వేరే భయం! సరే, అసలు విషయానికి వస్తాను. సగమే తెచ్చారని ఎందుకంటున్నానో చూపిస్తాను. 1825లో న్యూయార్క్‌లో అమెరికన్ ట్రాక్ట్ సొసైటీ పెట్టారు. కరపత్రాలు లక్షలకి లక్షలు అచ్చేసి ఊరూరా పంచారు. డాన్సులు తప్పు, తాగుడు తప్పు, పేకాట తప్పు. బానిసత్వం మీద ఒక్క ముక్క లేదు. దక్షిణాదిలో కొనరని. క్వేకర్లనే క్రైస్తవ శాఖకి చెందిన గర్నీ అనే ఇంగ్లిష్ ఆయన దేవుడి ప్రేమ మీద రాసిన వ్యాసాన్ని వీళ్లు మళ్లీ వేశారు. అసలు వ్యాసంలో, ఈ ప్రేమే క్రైస్తవుల్లో ఉండుంటే ఆఫ్రికా బానిస వ్యాపారం ఎక్కడుండేది అని ఉంది. సొసైటీ ప్రతిలో ఆ వాక్యం తీసేసి, ‘అణచివేత’ అని పైపైన ఒక మాట పెట్టారు. విలియం జే అనే ఆయన 1853లో రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టి బహిరంగ లేఖ రాశాడు. 1859లో బోస్టన్ శాఖ విడిపోయింది. ఇదండీ మీ నీతి సాహిత్యం. కత్తెర పట్టినవాడి చేతిలో నీతి!

పాస్టర్: ఆ లేఖ రాసిన జే కూడా విశ్వాసే మేడమ్. కత్తెర పట్టింది ఒక సంస్థ, విశ్వాసం కాదు.

ప్రొఫెసర్: నేనూ విశ్వాసాన్ని అనలేదు. గోడకి ఏది కొట్టాలో తేల్చేవాళ్లని అంటున్నాను.

తల్లి: హలో? వినపడుతున్నానా? మా బాబుకి ఏం చెప్పాలో ఇంకా…

ప్రొఫెసర్: చెబుతానమ్మా. చట్టంలో వెబ్‌స్టర్ స్పెల్లింగ్ పుస్తకం పేరుందని పాస్టర్ గారు చెప్పారు కదా. బాల్టిమోర్‌లో ఫ్రెడరిక్ డగ్లస్ అనే బానిస కుర్రాడు రాయడం నేర్చుకున్నది ఆ పుస్తకంతోనే. అక్షరం నేర్పితే చెడిపోతాడని యజమాని తన భార్యని ఆపేశాడు. కుర్రాడు ఏం చేశాడు? చెక్క కంచె, ఇటుక గోడ, వీధి బండలు పలకలు చేసుకున్నాడు. సుద్దముక్క కలం. వెబ్‌స్టర్ పుస్తకంలోని వాలు అక్షరాలు చూసి దిద్దాడు, చూడకుండా రాయగలిగేదాకా దిద్దాడు. పెద్దయ్యాక 1845లో తన కథ రాసి చివర్లో ఏమన్నాడు? క్రీస్తు క్రైస్తవం వేరు, ఈ దేశపు క్రైస్తవం వేరు, మొదటిదాన్ని ప్రేమిస్తాను, రెండోదాన్ని ద్వేషిస్తాను అన్నాడు. లూయిజియానావాళ్లు పోస్టర్ పక్కన పెట్టమన్న వివరణలో వెబ్‌స్టర్ పేరుంది. డగ్లస్ పేరు ఏదీ?

పాస్టర్: డగ్లస్ మాట మా ప్రసంగాల్లో మేమూ చెబుతాం. ఆ గోడ పలక గురించి మీరు చెప్పింది, మా ముత్తాత ఇసక గురించి నేను చెప్పింది, రెండూ ఒకటే కదా మేడమ్?

ప్రొఫెసర్: ఒకటి కాదు! మీ ముత్తాతకి నేర్పారు. డగ్లస్‌కి వద్దన్నారు.

పాస్టర్: ఊళ్లోవాళ్లు మా ముత్తాతకీ వద్దనే అన్నారు.

మోడరేటర్: చివరిగా ఇద్దరూ ఒక్క మాటలో, భయం అవసరమా, కాదా? టైమ్ లేదు.

ప్రొఫెసర్: ఒక్క మాటలో కాదు. 1706లో కాటన్ మేథర్ అనే బోస్టన్ పాస్టర్…

మోడరేటర్: మేడమ్, టైమ్.

ప్రొఫెసర్: ఒక్క నిమిషం బాబూ. బానిసలకి బాప్తిస్మం ఇమ్మని మేథర్ రాశాడు, బాప్తిస్మం ఇచ్చినంత మాత్రాన విడుదల చెయ్యాల్సిన పని లేదని కూడా రాశాడు. రెండూ ఒకే పుస్తకంలో. ఇది…

తల్లి: అండీ, దాసుడు అని చెబితే, దాసుడు అంటే ఏంటి అంటాడు. అప్పుడు…

(లైన్ కట్ అయింది.)

మోడరేటర్: డాలస్ లైన్ పోయినట్టుంది. పాస్టర్ గారూ, మీకు పది సెకన్లు.

పాస్టర్: పది సెకన్లలో నేను ఏం చెప్పనండీ. ఆ తల్లికి మళ్లీ ఫోన్ కలపండి.

ప్రొఫెసర్: మేథర్ సంగతి పూర్తి చేస్తాను, అతనికే ఒక బానిస ఉండేవాడు, పేరు ఒనేసిమస్. బోస్టన్‌కి మశూచి వచ్చినప్పుడు…

(కార్యక్రమం సమయం ఇక్కడితో ముగిసింది.)