వెనుక కారు కట్టుకుని వెళ్లాలంటే గ్యాస్ మోటర్‌హోమా, డీజిల్ మోటర్‌హోమా?

వ్యాఖ్యాత: నమస్కారం. అమెరికాలో మోటర్‌హోమ్, అంటే ఇల్లులా ఉండటానికి వీలైన బండి, కొనాలని చూసేవారు అడిగే మొదటి ప్రశ్న గ్యాస్ (అక్కడ పెట్రోల్‌ను అలా అంటారు) ఇంజనా, డీజిల్ ఇంజనా అన్నదే. క్యాంప్‌గ్రౌండ్‌లో బండి నిలిపాక ఊళ్లో తిరగడానికి వెనుక ఒక కారును కూడా కట్టుకుని వెళ్లాలనుకుంటే ఆ ప్రశ్న ఇంకాస్త చిక్కుపడుతుంది. రెండు రకాల బండ్లనూ కారుతో సహా కొండదారుల్లో నడిపిన అన్నగారు ఈ రోజు మనతో ఉన్నారు. అన్నగారూ, సూటిగానే అడుగుతాను. కారు లాగాలంటే డీజిలే కావాలా?

అతిథి: అక్కర్లేదమ్మా. ఇంధనం పేరు చూసి లాగే శక్తిని అంచనా వేయడంతోనే చాలామంది లెక్క తప్పుతుంది. ఒక ఉదాహరణ చెబుతాను. మెర్సిడెస్ స్ప్రింటర్ 3500 ఛాసీ (ఇంజను, చక్రాలు ఉన్న అడుగు చట్రం) మీద కట్టిన చిన్న మోటర్‌హోమ్ డీజిల్ బండే. దాని జీవీడబ్ల్యూఆర్, అంటే నిండుగా సామాను వేసుకున్న బండి ఒక్కటీ ఉండదగిన గరిష్ఠ బరువు, 11,030 పౌండ్లు. జీసీడబ్ల్యూఆర్, అంటే బండీ వెనుక కారూ కలిపి ఉండదగిన గరిష్ఠ బరువు, 15,250 పౌండ్లు. బండి నిండితే కారుకు మిగిలేది 4,220 పౌండ్లే. అదే ఫోర్డ్ ఈ-450 ఛాసీ గ్యాస్ బండి. దాని అంకెలు 14,500, 22,000. తేడా 7,500 పౌండ్లు. ఇక్కడ గ్యాస్ బండే ఎక్కువ లాగుతుంది.

వ్యాఖ్యాత: బస్సులా కనిపించే పెద్ద క్లాస్ ఏ బండ్ల సంగతి వేరు కదా?

అతిథి: అక్కడ డీజిల్‌దే పైచేయి, సందేహం లేదు. అయినా లెక్క మాత్రం ఇదే. క్లాస్ ఏ గ్యాస్ బండ్లలో దాదాపు అన్నీ ఫోర్డ్ ఎఫ్-53 ఛాసీ మీదే తయారవుతాయి. ఈ ఛాసీలో 24,000 పౌండ్ల బండికీ, 26,000 పౌండ్ల బండికీ జీసీడబ్ల్యూఆర్ ఒక్కటే, 30,000 పౌండ్లు. అంటే పెద్ద బండి కొన్నవాడికి కారు కోసం మిగిలేది తక్కువ. 26,000 పౌండ్ల బండి నిండుగా ఉంటే వెనుక 4,000 పౌండ్లకు మించి కట్టకూడదు. కానీ కారు తగిలించే కొక్కెం, అంటే హిచ్ మీద 5,000 అని రాసి ఉంటుంది. కొనేవాళ్లు ఆ 5,000 చూసి, నాలుగు తలుపుల జీప్ రాంగ్లర్ 4,200 నుంచి 4,500 పౌండ్ల దాకా ఉంటుంది కాబట్టి సరిపోతుందనుకుంటారు. బరువులన్నీ కలిపి చూస్తే సరిపోదు.

వ్యాఖ్యాత: మరి హిచ్ మీద రాసిన అంకెకు అర్థమేమిటి?

అతిథి: ఆ ఇనుప కొక్కెం మాత్రం అంతవరకు తట్టుకుంటుందని అర్థం. ఇంజను, గేర్‌బాక్స్, బ్రేకులు, యాక్సిళ్లు ఎంతవరకు తట్టుకుంటాయో అది చెప్పదు. కాబట్టి హిచ్, కారును హిచ్‌కు కలిపే టో బార్, కారు ముందు బిగించే బేస్‌ప్లేట్, జీసీడబ్ల్యూఆర్ లెక్కలో మిగిలినది, ఈ నాలుగింటిలో ఏది తక్కువైతే అదే మీ పరిమితి. గ్యాస్ బండ్లలో హిచ్ సామర్థ్యం ఎక్కువగా 5,000 దగ్గరే ఆగిపోవడానికి మరో కారణం కూడా ఉంది. వెనుక చక్రాల తర్వాత బండి పొడవు పెంచడానికి, బాడీ కట్టే కంపెనీ ఛాసీకి అదనపు ఫ్రేమ్ అతికిస్తుంది. హిచ్ బిగించేది ఆ అతికించిన భాగానికే. ఇంజను వెనుక ఉండే డీజిల్ పుషర్లలో హిచ్ సాధారణంగా 10,000 పౌండ్లకు, పెద్దవాటిలో 15,000 పౌండ్లకు ఉంటుంది. అయితే వాటిలోనూ తీసివేత చేయక తప్పదు. హిచ్ 10,000 చూపిస్తున్నా, జీసీడబ్ల్యూఆర్ అంత మిగల్చని డీజిల్ బండ్లు కూడా ఉన్నాయి.

వ్యాఖ్యాత: బండి అసలు బరువు తెలుసుకోవడం ఎలా? కంపెనీ పుస్తకంలో ఉన్న బరువును నమ్మవచ్చా?

అతిథి: నమ్మకూడదు. ట్రక్ స్టాప్‌లో లారీలు తూచే కాటా ఉంటుంది. సామాను, నీళ్లు, ఇంధనం, మనుషులు అందరితో సహా వెళ్లి తూయించాలి. ముందు యాక్సిల్ ఒక పలక మీద, వెనుక యాక్సిల్ మరో పలక మీద, కారు మూడో పలక మీద ఉండేలా నిలిపితే మూడు అంకెలూ విడివిడిగా చీటీ మీద వస్తాయి. మొదటిసారి ఆ చీటీ చూసినవారికి నీళ్ల బరువే పెద్ద ఆశ్చర్యం. గ్యాలన్ నీళ్లు 8.3 పౌండ్లు, వంద గ్యాలన్ల ట్యాంకు నింపితే 830 పౌండ్లు. క్యాంప్‌గ్రౌండ్‌లో నీటి కుళాయి ఉన్నప్పుడు ట్యాంకులో మూడో వంతు ఉంచుకుని బయలుదేరితే 550 పౌండ్లు కలిసి వస్తాయి. గ్యాస్ బండివారికి రాంగ్లర్ కట్టాలా వద్దా అన్నది అక్కడే తేలిపోవచ్చు.

వ్యాఖ్యాత: బరువులు పరిమితిలోనే ఉన్నాయనుకుందాం. అప్పుడు రోడ్డు మీద రెండింటికీ తేడా ఎక్కడ తెలుస్తుంది?

అతిథి: చదును నేల మీద పెద్దగా తెలియదు. కాన్సాస్‌లోనో ఫ్లోరిడాలోనో తిరిగేవారు డీజిల్ కోసం అంత డబ్బు పోయనక్కరలేదని నా అభిప్రాయం. కొండ ఎక్కేటప్పుడు మాత్రం తేడా బయటపడుతుంది. ఎఫ్-53లో వచ్చే 7.3 లీటర్ల వీ8 ఇంజను 350 హార్స్‌పవర్ దాకా, 468 పౌండ్-అడుగుల టార్క్ (చక్రాలను తిప్పే బలం) ఇస్తుంది. ఆ టార్క్ దొరకడానికి ఇంజను 3,900 ఆర్‌పీఎం వద్ద తిరగాలి. 360 హార్స్‌పవర్ కమిన్స్ 6.7 లీటర్ల డీజిల్ 800 పౌండ్-అడుగులు ఇస్తుంది, అదీ 2,000 ఆర్‌పీఎం లోపే. అందుకే ఎత్తు రాగానే గ్యాస్ ఇంజను రెండు గేర్లు దిగి గట్టిగా మోగుతుంది. అది డ్రైవరు పక్కనే ఉంటుంది కాబట్టి ఆ మోత మనతోపాటు క్యాబిన్‌లోనే ప్రయాణిస్తుంది. డీజిల్ పుషర్‌లో ఇంజను ముప్పై నలభై అడుగుల వెనుక ఉంటుంది.

వ్యాఖ్యాత: సముద్రమట్టం నుంచి ఎత్తు పెరిగేకొద్దీ గ్యాస్ ఇంజను బలహీనపడుతుందంటారు. అది ఎంతవరకు నిజం?

అతిథి: అది పూర్తిగా నిజం. టర్బో, అంటే గాలిని ఒత్తి ఇంజనులోకి పంపే యంత్రం, లేని ఇంజను ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది, ఎందుకంటే గాలి పలచబడుతుంది. కొలరాడోలో ఐ-70 హైవే మీద ఐసన్‌హవర్ సొరంగం 11,000 అడుగులకు పైన ఉంది. అక్కడికి చేరేసరికి 350 హార్స్‌పవర్ కాస్తా 235 దగ్గరకు వస్తుంది. ఇప్పుడు లెక్క చూడండి. 30,000 పౌండ్ల బరువును 6 శాతం ఎత్తు మీద గంటకు 45 మైళ్ల వేగంతో ఎక్కించాలంటే, గాలి నిరోధాన్ని, టైర్ల రాపిడిని పక్కన పెట్టినా, భూమ్యాకర్షణకు ఎదురు వెళ్లడానికే 216 హార్స్‌పవర్ కావాలి. మిగిలిన ఆ కాస్త శక్తితో టైర్లు, గాలి, గేర్‌బాక్స్ నష్టాలు, రేడియేటర్ ఫ్యాను ఇవన్నీ గడవవు. కాబట్టి వేగం ముప్పై చిల్లరకు పడిపోతుంది. డీజిల్‌లో టర్బో ఉంటుంది కనుక ఈ నష్టం చాలావరకు తప్పుతుంది. అయితే ఒక్కమాట. నెమ్మదిగా ఎక్కడం ప్రమాదం కాదు. లారీలు వెళ్లే కుడి లేన్‌లో వాటితోపాటు వెళ్లిపోతే చాలు. పది నిమిషాలు ఆలస్యంగా చేరతాం. ఎక్కడంలో వచ్చే ఆ తేడా కోసమే అదనంగా లక్ష డాలర్లు ఖర్చు పెట్టాలంటే నేను వద్దనే అంటాను.

వ్యాఖ్యాత: మరి ఏ తేడా కోసం పెట్టమంటారు?

అతిథి: దిగడం కోసం. అదే సొరంగం దాటి పడమటివైపు సిల్వర్‌థార్న్‌కు దిగేటప్పుడు వాలు 7 శాతం దాకా ఉంటుంది. బ్రేకులు పోయిన లారీల కోసం పక్కన గులకరాళ్ల ర్యాంపులు కట్టి ఉంచారంటేనే ఆ దిగుడు ఎలాంటిదో అర్థమవుతుంది. ఎక్కేటప్పుడు ఇంజను పెట్టిన శక్తినంతా దిగేటప్పుడు ఎవరో ఒకరు మింగాలి. గ్యాస్ బండిలో బరువు లాగేటప్పుడు వాడే టో/హాల్ మోడ్ వేస్తే గేర్లు దిగి ఇంజను నాలుగైదు వేల ఆర్‌పీఎం మీద అరుస్తూ కొంత పట్టి ఉంచుతుంది. మిగతా భారమంతా హైడ్రాలిక్ బ్రేకుల మీద పడుతుంది. అవి వేడెక్కితే పెడల్ మెత్తబడుతుంది. డీజిల్‌లో ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగ బయటకు పోకుండా అడ్డుకుని ఇంజనుతోనే వేగం తగ్గించేది) స్విచ్ వేసి సరైన గేర్ ఎంచుకుంటే, పెడల్‌ను అప్పుడప్పుడు తాకుతూ ఆ దిగుడంతా దిగవచ్చు. కమిన్స్ 9 లీటర్ల ఎల్9, ఇంకా పెద్ద ఇంజన్లలో సిలిండర్లలో నొక్కిన గాలితో వేగం తగ్గించే కంప్రెషన్ బ్రేక్ ఉంటుంది, దాని పట్టు ఇంకా గట్టిది. పైగా వీటికి గాలి బ్రేకులు. నా దృష్టిలో డీజిల్‌కు ఇచ్చే అదనపు డబ్బులో సగం విలువ ఈ ఒక్క స్విచ్‌లోనే ఉంది.

వ్యాఖ్యాత: వెనుక ఉన్న కారుకు కూడా బ్రేక్ ఉండాలి కదా?

అతిథి: తప్పకుండా. ఎన్ని పౌండ్లు దాటితే తప్పనిసరి అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, చాలాచోట్ల 3,000 పౌండ్లు హద్దు. చట్టం ఏమన్నా, నాలుగు వేల పౌండ్ల కారు వెనుక నుంచి నెడుతుంటే బ్రేక్ లేకుండా దిగడం మంచిది కాదు. కారు తెగిపోతే దానంతట అది బ్రేక్ వేసుకునే బ్రేక్‌అవే స్విచ్ కూడా ఉండాలి. ఇక్కడ డీజిల్‌వారికి ఒక చిక్కు ఉంది, దీన్ని అమ్మేవాళ్లు చెప్పరు. కొన్ని బండ్లలో ఎగ్జాస్ట్ బ్రేక్ పనిచేస్తున్నప్పుడు వెనుక బ్రేక్ లైట్లు వెలుగుతాయి. కారు బ్రేకు వేయడానికి అందులో పెట్టిన బ్రేక్ పెట్టె ఆ లైట్ల సంకేతం చూసి పనిచేసే రకమైతే, మీరు పెడల్ తాకకపోయినా కారు బ్రేకులు కిలోమీటర్ల తరబడి ఒరుసుకుంటూనే ఉంటాయి. కొండ దిగాక కారు ముందు చక్రాల దగ్గర చేయి పెట్టలేనంత వేడి, కాలిన వాసన వస్తే కారణం ఇదే అయి ఉండవచ్చు. గాలి బ్రేకులున్న బండికి, ఆ గాలి గొట్టం నుంచే సంకేతం తీసుకునే రకం బిగించుకుంటే, పెడల్ నొక్కినప్పుడే కారు బ్రేక్ పడుతుంది.

వ్యాఖ్యాత: ఏ కారైనా నాలుగు చక్రాల మీద లాగవచ్చా?

అతిథి: లాగకూడదు. కారు యజమాని పుస్తకంలో అనుమతి ఉంటేనే లాగాలి. హోండా సీఆర్-వీని 2014 మోడల్ దాకా లాగేవారు. సీవీటీ, అంటే విడివిడి గేర్లు లేని గేర్‌బాక్స్, వచ్చిన 2015 నుంచి కుదరదు. టెస్లా కార్లను చక్రాలు నేల మీద ఉంచి లాగకూడదని కంపెనీయే చెబుతుంది. రాంగ్లర్ ఇంతగా కనిపించడానికి కారణం దాని ట్రాన్స్‌ఫర్ కేస్‌కు, అంటే ఇంజను శక్తిని ముందు, వెనుక చక్రాలకు పంచే పెట్టెకు, న్యూట్రల్ ఉండటం. దాన్ని న్యూట్రల్‌లో వేసి, తర్వాత ఇంజను నడుస్తుండగా గేర్‌ను డ్రైవ్‌లో ఒకసారి, రివర్స్‌లో ఒకసారి వేసి, కారు కదలడం లేదని నిర్ధారించుకుని, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో ఉంచి ఇంజను ఆపాలి. తొందరలో ఆ పరీక్ష మానేసినవారికి గేర్‌బాక్స్ ఖర్చు వస్తుంది.

వ్యాఖ్యాత: ఇంధనం ఖర్చులో డీజిల్ లాభమని అంటారు కదా?

అతిథి: లెక్క వేస్తే తేలిపోతుంది. ఏడాదికి 8,000 మైళ్లు తిరుగుతారనుకుందాం. గ్యాస్ బండి గ్యాలన్‌కు 7 మైళ్లు, డీజిల్ 9 మైళ్లు ఇచ్చిందనుకుంటే, తేడా సుమారు 250 గ్యాలన్లు. అమెరికాలో డీజిల్ ధర గ్యాస్ కన్నా సాధారణంగా ఎక్కువే కాబట్టి ఆ ఆదాలోనూ కొంత పోతుంది. దాని మీద పొగను శుభ్రపరిచే డీఈఎఫ్ ద్రవం, ఎక్కువ ఆయిల్, రకరకాల ఫిల్టర్లు, గాలి బ్రేకుల్లో తేమ తీసే ఎయిర్ డ్రయర్ ఖర్చులు. ఇంధనంలో ఆదా అవుతుందని డీజిల్ కొనడంలో అర్థం లేదు.

అయితే బంకు దగ్గర డీజిల్‌కు ఒక సౌకర్యం ఉంది. నాలుగు చక్రాల మీద కారు కట్టుకున్నప్పుడు వెనక్కి నడపలేం. నాలుగడుగులు నడిపినా కారు ముందు చక్రాలు అడ్డం తిరిగి టో బార్ వంగిపోతుంది. డీజిల్ బండి లారీల వరుసలోకి నేరుగా వెళ్లి నేరుగా బయటకు వస్తుంది. గ్యాస్ బండి చిన్న కార్ల మధ్య ఇరుక్కుంటుంది. లోపలికి వెళ్లే ముందే బయటకు వచ్చే దారి కనిపించకపోతే, ఆ బంకులోకి వెళ్లకుండా ముందుకు సాగిపోవడమే నయం.

వ్యాఖ్యాత: లైసెన్సు విషయంలో ఏమైనా తేడా ఉందా?

అతిథి: బరువును బట్టి, పొడవును బట్టి ఉంటుంది. టెక్సస్‌లో 26,000 పౌండ్లు దాటిన మోటర్‌హోమ్‌కు కమర్షియల్ కాని క్లాస్ బీ లైసెన్సు కావాలి. కాలిఫోర్నియాలో 40 అడుగులు దాటితే అలాంటిదే కావాలి. గ్యాస్ బండ్లు 26,000 దగ్గర ఆగుతాయి కనుక టెక్సస్‌లో ఈ పరీక్ష ఎక్కువగా డీజిల్‌వారికే వస్తుంది.

వ్యాఖ్యాత: చివరిగా ఒక ప్రశ్న. ఇప్పటికే గ్యాస్ బండి ఉండి, వెనుక కారు బరువు ఎక్కువైందని కాటా మీద తెలిసినవారు ఏం చేయాలి? బండి మార్చాలా?

అతిథి: ముందు కారు మార్చమంటాను. మూడు వేల పైచిలుకు పౌండ్ల పాత సీఆర్-వీ ఒకటి వెతుక్కుంటే, మోటర్‌హోమ్ మార్చే ఖర్చులో చిన్న భాగంతో పని జరుగుతుంది. బేస్‌ప్లేట్ మాత్రం కొత్తది కొనాలి, ఎందుకంటే అది ఒక్కో కారు మోడల్‌కు ఒక్కో రకంగా ఉంటుంది. టో బార్, బ్రేక్ పెట్టె పాతవే చాలావరకు పనికివస్తాయి. రాంగ్లర్‌ను వదులుకోలేమంటే, ఏడాదిలో ఎన్నిసార్లు రాకీ పర్వతాలవైపు వెళ్తున్నారో చూసుకోవాలి. ప్రతి వేసవీ అటే అయితే, అప్పుడు వాడిన డీజిల్ పుషర్ల ప్రకటనలు చూడటం మొదలుపెట్టవచ్చు. చూసేటప్పుడు అమ్మేవాడిని ఇంజను గురించి అడగడానికి ముందు, బండి బరువులు రాసిన పలకలో జీసీడబ్ల్యూఆర్ ఎంతుందో ఫొటో తీసి పంపమనండి.