అమ్మమ్మ ఒడి కాదు, కారులో పాపకు సీటే కావాలి

నమస్కారమండీ. మద్దిలపాలెంలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్ నుంచి మాట్లాడుతున్నాను. మధ్యలో హారన్లు వినపడితే ఏమీ అనుకోకండి.

సింహాచలం బయల్దేరినప్పుడల్లా మా అమ్మ, "నా కంటే గట్టిగా ఆ ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుంటుందిటే?" అంటుంది. ఒక్క లెక్క చెప్తాను. కారు 50 కిలోమీటర్ల స్పీడులో గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిపోయిందనుకోండి. 10 కిలోల పాపను ఆపాలంటే దాదాపు 140 కిలోల బరువు ఎత్తేంత బలం కావాలి. అమ్మ పాతిక కిలోల బియ్యం బస్తాకే నన్ను పిలుస్తుంది.

చట్టం సంగతి త్వరగా చెప్పేస్తాను. 2019 సెప్టెంబరు 1 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లలకు బెల్టో, చైల్డ్ సీటో ఉండాల్సిందే. లేకపోతే నడిపేవాళ్లకు 1000 రూపాయల ఫైను. వెనక సీట్లో పెద్దవాళ్లు బెల్టు పెట్టుకోకపోయినా అంతే. స్కూటీ వాళ్లూ వినండి: 2022లో ఇచ్చిన నోటిఫికేషన్ 2023 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఎక్కిస్తే నడిపేవాళ్లకు కట్టి ఉంచే బెల్టు, తొమ్మిది నెలలు దాటితే హెల్మెట్, స్పీడు 40 దాటకూడదు.

ఇప్పుడు సీటు. దీన్ని వెనక సీట్లోనే పెడుతున్నాను, పాప మొహం కారు వెనక్కి తిరిగేలా. పసిపిల్లలకు తల బరువెక్కువ, మెడ లేత. ఇలా కూర్చోబెడితే గుద్దుకున్నప్పుడు ఆ దెబ్బను వీపంతా పంచుకుంటుంది. కనీసం 15 నెలలు ఇలాగే ఉంచండి, సీటు పట్టినంత కాలం ఉంచితే ఇంకా మంచిది. ఇలాంటి సీటును ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీట్లో మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు. అది తెరుచుకుంటే సీటునే కొడుతుంది.

మా కారులో ఐసోఫిక్స్ ఉంది, అంటే చైల్డ్ సీటును నేరుగా కారుకే తగిలించే ఏర్పాటు. సీటు సందులో వేలు పెడితే ఇనుప కడ్డీలు తగులుతాయి, వాటికి తగిలిస్తే... టక్, టక్. రెండు వైపులా ఆకుపచ్చ గుర్తు కనపడాలి. మీ కారులో అది లేకపోతే బెల్టుతోనే బిగించండి, మోకాలితో సీటును అదిమి బెల్టు లాగాలి. తర్వాత బెల్టు దూరే చోట పట్టుకుని ఊపండి. ఒక అంగుళం కంటే ఎక్కువ కదిలితే విప్పి మళ్లీ మొదలుపెట్టాలి. నాకు మొదటిసారి నలభై నిమిషాలు పట్టింది, టెన్షన్‌తో చెమటలు కారాయి!

ఇక పాపను సీటులో కట్టే పట్టీలు. మెలి పడకూడదు. భుజం దగ్గర పట్టీని వేళ్లతో గిల్లండి, మడత చిక్కితే వదులుగా ఉన్నట్టే. ఎండలో ఆర్కే బీచ్ దగ్గర కారు ఆపి వచ్చారా, ముందు బకిల్ చేత్తో తాకి చూడండి, పాప తొడ కాలిపోతుంది. ఇది ఏ మాన్యువల్లోనూ నాకు కనపడలేదు.

ఏడుస్తారు, తప్పదు. అప్పుడు నడుస్తున్న కారులో తీసి ఒళ్లో పెట్టుకోకండి. పక్కకు ఆపండి, ఎత్తుకోండి, ఊరడించి మళ్లీ కట్టండి. భీమిలి రోడ్డులో ఆపుకోవడానికి చోటుకేం కొదవ లేదు కదా.