మెరిసే బ్రాసే మీ గ్రూపుని పాడు చేస్తోంది!

నమస్కారం ఫ్రెండ్స్. కాల్చిన రైఫిల్ తూటాల ఇత్తడి గొట్టాల్ని (వీటినే బ్రాస్, కేసులు అంటాం) శుభ్రం చేసి, మళ్లీ నింపి వాడుకునే రీలోడింగ్ వాళ్లకే ఈ మాట. ముందు చెప్పేస్తా, తర్వాత తిట్టుకోండి. స్టీల్ పిన్నులేసి, సబ్బునీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి, గంటల తరబడి టంబ్లర్లో (గిరగిరా తిరిగే డ్రమ్ములో) తిప్పి, పండక్కి బిందెలు తోమినట్టు తళతళలాడిస్తున్నారే, ఆ బ్రాస్ మీ గురిని, అంటే టార్గెట్ మీద బుల్లెట్లు దగ్గరదగ్గరగా పడే ఆ గ్రూపుని, చెడగొడుతోంది. ఆ మెరుపు ఫొటో కోసం. టార్గెట్ కోసం కాదు!

స్టీల్ పిన్నులా, మొక్కజొన్న కండె పొడా అని రీలోడింగ్ చేసేవాళ్లు కొట్టుకుంటున్న సంగతి మీకు తెలిసిందే. పిన్నులైతే ప్రైమర్ పాకెట్ (కేసు అడుగున, నిప్పు పుట్టించే ప్రైమర్ కూర్చునే గుంట) కూడా కడిగేస్తాయని ఒకాయన, పొడి అయితే ఆరబెట్టే బాధ లేదని ఇంకొకాయన. నేనడిగేది వేరు. అసలు అంత శుభ్రం ఎవరడిగారండీ?

ఇండియా నుంచి చూస్తున్నవాళ్లకు ఒక్క మాట. ఇది అమెరికా షూటింగ్ రేంజిల ముచ్చట. మన దగ్గర లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేస్తే 1959 ఆయుధాల చట్టం కింద నేరం. సరదాగా చూడండి, చాలు.

సరే, కాల్చిన కేసు నెక్ (బుల్లెట్‌ని పట్టుకునే మూతి) లోపల చూడండి. పల్చటి నల్లటి మసి. అది చెత్త కాదు, ఫ్రీగా వచ్చిన లూబ్రికెంట్! పిన్నులు దాన్ని గీకి పారేస్తాయి. ఇక వట్టి ఇత్తడికీ బుల్లెట్ రాగి జాకెట్‌కీ మధ్య ఏమీ మిగలదు. ప్రెస్ మిషన్‌తో బుల్లెట్‌ని నెక్‌లోకి దించుతుంటే (అదే సీటింగ్) హ్యాండిలే చెప్పేస్తుంది. ఒకటి సాఫీగా దిగుతుంది, పక్కది కిర్రుమని పట్టేస్తుంది. నెక్ ఒక్కో బుల్లెట్‌ని ఒక్కోలా పట్టుకుంటే వెలాసిటీ ఒకేలా ఎలా వస్తుంది? 100 గజాల్లో మీకు తెలియదు. 600 గజాలకు వెళ్లండి, గ్రూపు నిలువునా సాగుతుంది. అప్పుడు స్కోపుని తిడతారు, గాలిని తిడతారు. తమాషా ఏంటంటే, మసి గీకేసిన మహానుభావులే మళ్లీ డబ్బు పెట్టి గ్రాఫైట్ పొడి కొని అదే నెక్‌లో పూస్తారు!

బెంచ్‌రెస్ట్ వాళ్లని, అంటే బల్ల మీద రైఫిల్ ఆనించి అతి చిన్న గ్రూపు కోసం పోటీపడేవాళ్లని, చూడండి. గుప్పెడు కేసులే, రేంజిలోనే మళ్లీ మళ్లీ లోడ్ చేస్తారు. చాలామంది నెక్‌లో నైలాన్ బ్రష్ తిప్పి, బయట గుడ్డతో తుడిచేసి ముందుకెళ్లిపోతారు. బయట ఇసుక, మట్టి ఉంటే డై (కేసుని మళ్లీ కొలతకి తెచ్చే అచ్చు) గీరుకుపోతుంది, కాబట్టి ఆ తుడుపు కావాలి. ఒప్పుకుంటా. అంతవరకే.

ఈ మెరుపు పిచ్చి కంపెనీలకూ తెలుసు. లపువా అనే కంపెనీ కొత్త కేసు నెక్ దగ్గర నీలంగా, ఊదాగా మరక ఉంటుంది. కొత్తవాళ్లు పాత సరుకు అంటగట్టారేమో అనుకుంటారు. అది ఎనీలింగ్ మరక బాబూ! తూటా పేల్చినప్పుడల్లా, డైలోకి తోసినప్పుడల్లా నెక్ గట్టిపడుతుంది, వేడి చేస్తే మెత్తబడుతుంది, అదే ఎనీలింగ్. నెక్, దాని కింది వాలు భాగం షోల్డర్ వరకే సుమా, అడుగు మెత్తబడితే ప్రాణం మీదికొస్తుంది. చాలా కంపెనీలు ఆ మరకని పాలిష్ పెట్టి చెరిపేసి మరీ అమ్ముతాయి. ఎందుకు? మనకి మెరుపు కావాలిగా!

ఇక్కడ మన దేశం కథ ఒకటి చెప్పాలి. బ్రిటిష్ సైన్యం ఇండియాలో వానాకాలం తూటాలను గుర్రాల సాలల్లో దాచేది. ఎండలొచ్చి తీసి చూస్తే ఇత్తడి పగిలి ఉండేది. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, తయారీలో లోహంలో మిగిలిన ఒత్తిడి, రెండూ కలిసి చేసిన పని అది. 1921లో గానీ అసలు కారణం బయటపడలేదు. ఇప్పుడు మీ ఇత్తడి పాలిష్ డబ్బా తిప్పి చదవండి. అమోనియా అని ఉందా? ఉంటే కేసుల దగ్గరికి రానివ్వకండి. మెరుపు కోసం గుర్రపు సాలని మీరే ఇంటికి తెచ్చుకుంటున్నారు!

మెరుపుకి పోసే ఆ గంటలేవో కేసు షోల్డర్ మీద పెట్టండి. బోల్ట్ రైఫిల్ (ఒక్కో తూటాకీ చేత్తో బోల్ట్ లాగేది) అయితే డైతో దాన్ని ఇంచిలో వెయ్యో వంతు, మహా అయితే రెండు వెయ్యో వంతులు వెనక్కి తోస్తే చాలు. 308 విన్‌చెస్టర్ రకం తూటా అయితే కేసు పొడవు 2.015 ఇంచీలు దాటకూడదు, దాటితే 2.005కి ట్రిమ్ చేయండి. పేపర్ క్లిప్ కొస వంచి కేసు లోపల, అడుగుకి కాస్త పైన గీరి చూడండి. గాడిలా తగిలితే కేసు అక్కడ తెగబోతోందని అర్థం, అది చెత్తబుట్టకే, ఎంత మెరిసినా సరే.

పిన్నుల వీరులకు నా సవాల్. ఒకే బ్యాచ్‌లోంచి పది కేసులు మెరిసేవి, పది మసివి. మిగతాదంతా ఒకటే. క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) పెట్టి 600 గజాల్లో కాల్చి ఫలితం కింద కామెంట్లో పెట్టండి. గ్రాఫైట్ పూస్తే మాత్రం చెల్లదు!