వారంటీ అయిపోతే హక్కు కూడా పోయినట్టేనా?

నమస్కారం అండి. షాపు బిల్లు కింద చిన్న అక్షరాల్లో "అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు" అని ఉంటుంది చూడండి. ఆ ముక్క చూసే చాలామంది నోరెత్తకుండా వచ్చేస్తారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెప్పేది వేరు. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, ఏ గడువూ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోతే అది అనుచిత వ్యాపారం. రంగు నచ్చలేదంటే మాత్రం వాళ్లిష్టం.

ఇక వారంటీ. యూరోపియన్ యూనియన్‌లో కొత్త వస్తువుకి కనీసం రెండేళ్ల బాధ్యత చట్టమే పెట్టింది. మన దగ్గర అలా లేదు, గడువు కంపెనీయే రాసుకుంటుంది. ఫ్రిజ్ మీద "పదేళ్ల వారంటీ" అని పెద్ద స్టిక్కర్ ఉంటుంది. కార్డు తెరిస్తే ఆ పదేళ్లూ చాలాసార్లు కంప్రెసర్‌కే. గ్యాస్, లేబర్, విజిటింగ్ చార్జీ మన జేబులోంచే. కొనేముందే కార్డు తెరిపించండి, మొహమాటపడకండి.

అసలు పేచీ ఎక్కడంటే, మొత్తం ఫ్రిజ్‌కి వారంటీ ఏడాదే అనుకుందాం. పదో నెలలో కూలింగ్ తగ్గుతుంది. టెక్నీషియన్ వచ్చి "కొన్నాళ్లు వాడండి, సెట్ అవుతుంది" అనేసి వెళ్తాడు. పదమూడో నెలలో ఫ్రిజ్ ఆగిపోతుంది. ఫోన్ చేస్తే "వారంటీ అయిపోయింది సార్" అంటారు. ఇది అన్యాయం అండి! లోపం గడువులోనే బయటపడింది, మీరు చెప్పారు, వాళ్లు బాగుచెయ్యలేదు. తేదీ దాటినంత మాత్రాన వాళ్ల బాధ్యత తీరిపోదు. కాకపోతే రుజువు కావాలి. అందుకే మనిషి వచ్చిన ప్రతిసారీ జాబ్ షీట్ అడగండి. "కూలింగ్ లేదు" అని మీ సమస్యనే అందులో రాయించండి. ఉత్తి "సర్వీస్ చేశాం" అని రాస్తే సంతకం పెట్టకండి.

అప్పటికీ వినకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఆఫీసు గురుగ్రామ్‌లో ఉన్నా సరే, మీరుండేది గుంటూరైతే గుంటూరులోనే, కరీంనగర్ అయితే కరీంనగర్‌లోనే కేసు వేయొచ్చు. వస్తువుకి కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు. కానీ గొడవ మొదలైన రెండేళ్లలోపే వేయాలి. 3 నెలల్లో, ల్యాబ్ పరీక్ష అవసరమైతే 5 నెలల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా ఎక్కువే పట్టొచ్చు, ఓపిక పట్టండి.

ఇంకొక్క మాట. ఇప్పుడిచ్చే థర్మల్ పేపర్ బిల్లుల మీద అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి. కొన్నరోజే ఫొటో తీసి మీ మెయిల్‌కి పంపుకోండి.