ఎర లేకుండా నల్ల ఎలుగు వేట: దాని భోజనాల బంతి ఎక్కడ నడుస్తోందో కనుక్కోండి

[తెర మీద: ఎదురు కొండవాలు, హకిల్‌బెర్రీ పొదలు, ఆగస్టు చివరి ఉదయం]

నమస్తే అండి. "ఎర పెట్టకుండా ఎలుగు దొరికిందంటే అదృష్టమే" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో ఎలుగుకి ఎర పెట్టడాన్నీ, కుక్కలతో తరమడాన్నీ 1996లో ఓటర్లే నిషేధించారు. ఆ తర్వాత కూడా అక్కడ ఏటా వేట నడుస్తూనే ఉంది. (ఇదంతా అమెరికా సంగతి. ఇండియాలో ఎలుగుని వేటాడితే 1972 చట్టం కింద నేరం.)

ఎర అంటే మనమే విస్తరి వేసి అతిథి కోసం కూర్చోవడం. ఆగస్టులో మనం వడ్డించక్కర్లేదు, వాషింగ్టన్‌లోని కాస్కేడ్ కొండలే వడ్డిస్తాయి. చలికాలపు నిద్రకి కొవ్వు పట్టాలని ఎలుగు రోజుకు 20,000 కేలరీల దాకా తింటుంది. మన పని ఒక్కటే: ఇవాళ బంతి ఎక్కడ నడుస్తోంది?

మొదటి బంతి కింద, రెండో బంతి పైన. హకిల్‌బెర్రీ (ఎలుగు ఇష్టంగా తినే చిన్న అడవి పండు) ముందు తక్కువ ఎత్తులో, ఎండ తగిలే దక్షిణపు వాలుల్లో పండుతుంది. సెప్టెంబరుకి పై కొండల్లోకి, నీడ వాలుల్లోకి ఎక్కుతుంది. పాత కార్చిచ్చు మచ్చలు, చెట్లు కొట్టేసిన చోట్లు, మంచు జారి చెట్లు లేని పట్టీలు మ్యాప్‌లో గుర్తు పెట్టుకోండి. అక్కడికెళ్లి పొద చూడండి. కాయలు పచ్చిగా ఉంటే ఇంకో వెయ్యి అడుగులు దిగండి, రాలిపోయి ఉంటే ఎక్కండి. ఊదారంగు పెంట తడిగా, విత్తనాలతో కనిపిస్తే బంతి ఇంకా లేవలేదన్నమాట. ఎండిపోయి ఉంటే ఎంగిలాకులే మిగిలాయి.

[తెర మీద: బైనాక్యులర్స్‌లోంచి వాలు]

ఇక్కడే కొత్తవాళ్లు చెడగొట్టుకుంటారు. పొదల్లోకి దిగి తిరుగుతారు. వద్దు! ఎదురు కొండ మీద కూర్చోండి. 10x42 (పది రెట్లు దగ్గరగా చూపించే, 42 మి.మీ. కటకం ఉన్న) బైనాక్యులర్స్‌ని ట్రైపాడ్ మీద పెట్టి తెల్లవారిన మొదటి రెండు గంటలు, సాయంత్రం చివరి రెండు గంటలు వాలుని ముక్కలుగా విభజించి చూడండి. చూసిన ముక్కనే మళ్లీ చూడండి. పొద వెనకున్న ఎలుగు పది నిమిషాలకి బయటికొస్తుంది.

కనబడగానే పరిగెత్తకండి. ఫోన్‌తో వాలు ఫోటో తీసి, దాని దగ్గరున్న ఎండు చెట్టునో బండనో గుర్తు పెట్టుకోండి. అవతలికి చేరాక ఆ కొండ వేరే కొండలా ఉంటుంది. పైగా అతిథి ఒక్క ఆకు దగ్గరే కూర్చోడు, తింటూ పక్క పొదకి జరుగుతూ ఉంటాడు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది, గాలి. ఈ అతిథి ఆకు మీంచి తల ఎత్తడు కానీ ముక్కు మాత్రం తలుపు దగ్గరే కాపలా ఉంటుంది. చూపు బాగా తక్కువనేది అపోహ, మన చూపుకి దగ్గరగానే ఉంటుంది. కానీ మన వాసన తగిలిందా, లేచిపోతాడు. ఎండ పడకముందు చల్లగాలి కిందికి జారుతుంది, అప్పుడు కింది నుంచి వెళ్లండి. వాలు వేడెక్కాక గాలి పైకి లేస్తుంది, అప్పుడు పై నుంచి దిగండి. మధ్యలో గాలి తిరిగే అరగంట, గంట ఆగిపోండి. చిన్న సీసాలో టాల్కం పౌడర్ పెట్టుకుని ప్రతి యాభై అడుగులకీ ఒకసారి నొక్కి గాలి ఎటు పోతోందో చూడండి.

200 గజాల లోపుకి వచ్చాక కూడా కనీసం ఇరవై నిమిషాలు చూడండి. పిల్లలు చెట్టెక్కి ఉండొచ్చు. పిల్లల తల్లిని కొట్టకూడదు, అంతే. చెవులు పెద్దగా, నెత్తి మీద దగ్గరగా కనిపిస్తే అది చిన్న ఎలుగు. చెవులు చిన్నగా, పక్కలకి జరిగి ఉంటే పెద్దది. రంగుని నమ్మకండి, నల్ల ఎలుగు గోధుమరంగులోనూ ఉంటుంది. భుజం మీద గూని, లోపలికి వంగిన ముఖం ఉంటే అది గ్రిజ్లీ అనే వేరే జాతి ఎలుగు. దాన్ని కొడితే ఫెడరల్ నేరం, అంటే అమెరికా కేంద్ర చట్టం కింద నేరం.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్తాను.

పక్కకి నిలబడి, ఇవతలి ముందుకాలు ముందుకి వేసినప్పుడే కొట్టండి. ఆ కాలి వెనక అంచు వెంట పైకి, ఒంటి ఎత్తులో సగానికి కాస్త కింద. పొట్ట కింద వేలాడే వెంట్రుకల్ని ఒళ్లనుకుంటే గుండు కిందికి పోతుంది. కొవ్వు గాయాన్ని పూడ్చేస్తుంది, బొచ్చు రక్తాన్ని పీల్చేస్తుంది, జాడ సరిగ్గా దొరకదు. కొట్టిన చోటు గుర్తు పెట్టుకుని అరగంట ఆగండి.

ఆగస్టు ఎండలో బొచ్చూ కొవ్వూ కప్పుకున్న మాంసం త్వరగా పాడవుతుంది. వెంటనే తోలు తీసి నీడలో, గాలి తగిలేలా వేలాడదీయండి.

వీసా మీదున్న మన వాళ్లు ఒకటి గమనించండి. ఫెడరల్ చట్టం ప్రకారం మీరు మామూలుగా తుపాకీ ఉంచుకోకూడదు, చెల్లే హంటింగ్ లైసెన్సు ఒక మినహాయింపు. వాషింగ్టన్‌లో విదేశీయులకి వేరే లైసెన్సు నిబంధన కూడా ఉంది. తుపాకీ కొనే ముందే లాయర్ని అడగండి.

ఆఖరిది వంట. 2022లో ఒక కుటుంబం 45 రోజులు ఫ్రీజర్‌లో పెట్టిన ఎలుగు మాంసంతో కబాబ్‌లు చేసుకుంటే ఆరుగురికి ట్రైకినెల్లా పురుగు సోకింది. అందులో ఇద్దరు మాంసం ముట్టలేదు, దానితో కలిపి కాల్చిన కూరగాయలే తిన్నారు. శాకాహారులుంటే పెనం, కత్తి, పళ్లెం వేరే పెట్టండి. థర్మామీటర్ ముక్క మధ్యలో గుచ్చితే 74 డిగ్రీల సెల్సియస్ చూపించాలి.